చుక్కల జాతి, మూసిన రిజిస్టరు: డాల్మేషియన్ కుక్కల్లో ఆరోగ్య పరీక్షలు, బాధ్యతగల పెంపకం

(స్మారకోపన్యాస పాఠం)

డాల్మేషియన్ జాతి కుక్కలన్నిటికీ ఒకే జన్యులోపం ఉండేది. "అన్నిటికీ" అన్న మాటలో అతిశయోక్తి లేదు. రిజిస్టరుకెక్కిన ప్రతి కుక్కకూ తల్లి నుంచి వచ్చిన జన్యు ప్రతిలోనూ, తండ్రి నుంచి వచ్చిన జన్యు ప్రతిలోనూ అదే లోపం ఉండేది. మిగతా జాతుల్లో వంశపారంపర్య జబ్బు కొన్ని కుక్కలకు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. పరీక్ష చేసి, లేనివాటిని ఎంచుకుని జత కట్టిస్తే తరతరానికీ జబ్బు తగ్గుతూ పోతుంది. డాల్మేషియన్‌కు ఆ దారి మొదట్లోనే మూసుకుపోయింది. ఏరుకోవడానికి మంచిదంటూ ఒక్కటీ లేనప్పుడు ఎంత శ్రద్ధగా ఏరినా ఫలితం ఉండదు. మేలుజాతి కుక్కల్లో ఆరోగ్య పరీక్షలు ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది ఇంత తేటగా చూపే జాతి అరుదు. ఈ స్మారకోపన్యాసానికి ఈ జాతిని ఎంచుకున్నది అందుకే.

లోపం యూరిక్ ఆసిడ్‌కు సంబంధించినది. శరీరంలో కణాలు చనిపోయి విచ్ఛిన్నమైనప్పుడు, తిన్న మాంసం అరిగినప్పుడు ప్యూరిన్లనే పదార్థాలు విడుదలవుతాయి. అవి మెట్టు మెట్టుగా మారి యూరిక్ ఆసిడ్ అవుతాయి. చాలా క్షీరదాల్లో దీని తరవాత ఇంకో మెట్టు ఉంది. కాలేయంలో యూరికేజ్ అనే ఎంజైము యూరిక్ ఆసిడ్‌ను అల్లంటోయిన్‌గా మారుస్తుంది. అది నీళ్లలో తేలిగ్గా కరిగి మూత్రంతో బయటికి పోతుంది. మనిషికీ, చింపాంజీ వంటి పెద్ద వానరాలకూ ఈ ఎంజైము లేదు. గౌట్ అనే కీళ్లజబ్బు మనుషులకు రావడానికి మూలం అక్కడే ఉంది. డాల్మేషియన్ సంగతి వేరు. దాని కాలేయంలో ఎంజైము కావలసినంత ఉంది. లోపించింది యూరిక్ ఆసిడ్‌ను రక్తంలోంచి కాలేయ కణంలోకి చేరవేసే ప్రోటీను. తలుపు బిగుసుకుపోయిన రైసుమిల్లులో యంత్రం బాగానే ఉన్నా ధాన్యం లోపలికి చేరదు కదా, ఇదీ అంతే. మూత్రపిండాల్లో వడకట్టిన యూరిక్ ఆసిడ్‌ను తిరిగి రక్తంలోకి లాగవలసింది కూడా ఈ ప్రోటీనే. అక్కడా అది పనిచేయదు కాబట్టి ఆసిడ్ అంతా మూత్రంలోకి దిగిపోతుంది. మామూలు కుక్క రోజుకు 10 నుంచి 60 మిల్లీగ్రాముల యూరిక్ ఆసిడ్‌ను విసర్జిస్తే డాల్మేషియన్ 400 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా విసర్జిస్తుంది.

యూరిక్ ఆసిడ్ నీళ్లలో సరిగా కరగదు. మూత్రం చిక్కబడినప్పుడు అమ్మోనియంతో కలిసి స్ఫటికాలవుతుంది. స్ఫటికాలు ఇసుకగా, ఇసుక రాళ్లుగా పేరుకుంటుంది. ఆడకుక్క మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. మగకుక్కకు ఆ వెసులుబాటు లేదు. కుక్క పురుషాంగంలో ఒక ఎముక ఉంటుంది. మూత్రనాళం ఆ ఎముక అడుగున ఉన్న గాడిలోంచి పోతుంది. గాడిలో నాళం సాగలేదు. రాయి సరిగ్గా ఎముక వెనకే ఇరుక్కుంటుంది.

అలా ఇరుక్కున్న కుక్క పదే పదే కాలెత్తుతుంది. నాలుగు చుక్కలు పడతాయి, వాటిలో ఒకోసారి రక్తపు జీర ఉంటుంది. నడుము వంచి ముక్కుతుంటే చూసినవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. సాయంత్రానికి తిండి మానేస్తుంది, వాంతులు మొదలవుతాయి. మూత్రాశయం కడుపులో బంతిలా గట్టిగా చేతికి తగులుతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, లేదా మూత్రాశయం పగులుతుంది. రెండూ ప్రాణాంతకమే, అదీ ఒకటి రెండు రోజుల వ్యవధిలోనే. రోగ నిర్ధారణలో ఒక చిక్కు కూడా ఉంది. యూరేట్ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో తరచుగా కనిపించవు. ఫిల్మ్ శుభ్రంగా ఉందని కుక్కను ఇంటికి పంపేస్తే ప్రమాదం. అల్ట్రాసౌండ్ అయినా చేయాలి, మూత్రాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే అయినా తీయాలి. రాయి దొరికాక వైద్యుడు సన్నని గొట్టం ద్వారా సెలైన్ ఒత్తిడితో పంపి దాన్ని వెనక్కి మూత్రాశయంలోకి తోస్తాడు, తరవాత ఆపరేషన్ చేసి బయటికి తీస్తాడు. మళ్లీ మళ్లీ అడ్డుపడే కుక్కలకు ఎముకకు వెనక భాగంలో మూత్రనాళానికి కొత్త ద్వారం పెట్టవలసి వస్తుంది.

లోపం అన్నిటికీ ఉన్నా రాళ్లు అన్నిటికీ రావు. మగ డాల్మేషియన్లలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడతాయని అమెరికా అంచనాలు. మిగిలినవి అదృష్టం మీద, నీళ్ల మీద, తిండి మీద ఆధారపడి నెట్టుకొస్తాయి. అల్లోప్యూరినాల్ మాత్రతో యూరిక్ ఆసిడ్ తగ్గించవచ్చు. కానీ దానికి ముందు మెట్టులో ఉండే జాంథీన్ పేరుకుంటుంది. ప్యూరిన్లు తక్కువున్న ఆహారం పెట్టకుండా మాత్ర ఒక్కటే వాడితే యూరేట్ రాళ్ల స్థానంలో జాంథీన్ రాళ్లు వస్తాయి. అంటే వైద్యం ఉన్నా, అది కుక్క బతికినన్నాళ్లూ సాగే కాపలా లాంటి పనే. లోపం మాత్రం పిల్లలకు యథాతథంగా దిగుతుంది.

ఈ సంగతులు నిన్న మొన్న తెలిసినవి కావు. డాల్మేషియన్ మూత్రంలో యూరిక్ ఆసిడ్ మిగతా కుక్కల కంటే చాలా ఎక్కువని అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ 1916లోనే రాశాడు. 1923లో అచ్చయిన హ్యూయా ఆన్‌స్లో పరిశోధన దీని వంశపారంపర్యాన్ని తేల్చింది. డాల్మేషియన్‌ను వేరే జాతితో కలిపితే పుట్టిన పిల్లల మూత్రం మామూలుగానే ఉంది. అంటే ఇది అంతర్గత లక్షణం. రెండు ప్రతులూ చెడితేనే లోపం బయటపడుతుంది, మంచి ప్రతి ఒక్కటున్నా చాలు. ఆ తరవాత డాల్మేషియన్ కాలేయాన్ని మామూలు కుక్కకూ, మామూలు కుక్క కాలేయాన్ని డాల్మేషియన్‌కూ అమర్చిన ప్రయోగాలు లోపానికి ముఖ్యమైన చోటు కాలేయమేనని చూపించాయి. ఆధునిక జన్యుశాస్త్రం ఇంకా చేతికి రాకముందే, ఒక్క సంకరం చాలునన్న సంగతి దగ్గరికి శాస్త్రం వచ్చేసింది.

జాతి మొత్తం ఒకే లోపానికి ఎలా లోబడింది? అమెరికన్ కెన్నెల్ క్లబ్ పుస్తకంలో డాల్మేషియన్ పేరు 1888లో మొదటిసారి ఎక్కింది. అప్పటికి ఉన్న కొద్ది కుక్కల సంతానమే తరవాతి జాతి. మూలపురుషులు తక్కువైనప్పుడు ఒక చెడు ప్రతి జాతంతటా నిండిపోవడం కష్టం కాదు. దీనికి చుక్కల కోసం సాగిన ఎంపిక కూడా తోడై ఉండవచ్చని కొందరు పరిశోధకుల ఊహ. తొలి తరాల సంకర కుక్కల్లో మంచి ప్రతి ఉన్నవాటి చుక్కలు కాస్త చిన్నవిగా కనిపించడం ఆ ఊహకు ఆధారం. కారణం ఏదైనా, రిజిస్టరు మూసేశాక బయటి నుంచి మంచి ప్రతి రావడానికి మార్గం లేకుండా పోయింది. మేలుజాతి అనే ఏర్పాటులోని బలం, బలహీనత రెండూ ఇందులోనే ఉన్నాయి. బయటి రక్తం రానివ్వకపోవడం వల్లే జాతి రూపం నిలుస్తుంది. లోపలి లోపం బయటికి పోకపోవడానికీ కారణం అదే.

1973లో ఇండియానా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలోని జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబల్ ఒక డాల్మేషియన్ ఆడకుక్కను ఛాంపియన్ పాయింటర్ మగకుక్కతో జత కట్టించాడు. పాయింటర్‌ను ఊరికే ఎంచుకోలేదు. దేహ నిర్మాణంలో అది డాల్మేషియన్‌కు దగ్గరి జాతి, దానికి ఈ లోపం లేదు. పుట్టిన పిల్లల్లో మంచి ప్రతి ఉన్నదాన్ని తిరిగి శుద్ధ డాల్మేషియన్‌తో, దాని పిల్లల్లో మంచి ప్రతి ఉన్నదాన్ని మళ్లీ డాల్మేషియన్‌తో జత కట్టిస్తూ పోయాడు. ఇదే బ్యాక్‌క్రాస్ పద్ధతి. ప్రతి తరంలోనూ పాయింటర్ వాటా సగానికి తగ్గుతుంది: మొదటి తరంలో 2లో ఒక వంతు, ఐదో తరంలో 32లో ఒక వంతు, పదో తరానికి 1,024లో ఒక వంతు. ఎంచి నిలబెట్టే ఆ ఒక్క జన్యువూ, దాని చుట్టుపక్కల కొద్ది భాగమూ తప్ప మిగతాదంతా డాల్మేషియనే అవుతుంది. ఆ ఎంపికకు అప్పట్లో జన్యు పరీక్ష లేదు. పిల్లల మూత్రం పట్టి యూరిక్ ఆసిడ్ కొలిచి చూసుకోవాల్సిందే.

ఐదో తరానికి వచ్చేసరికి చూపుకు ఆ పిల్లలు డాల్మేషియన్లే. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిలో రెండింటిని రిజిస్టరు చేసింది. కానీ అమెరికా డాల్మేషియన్ క్లబ్ సభ్యులు ఒప్పుకోలేదు. దాంతో వాటి సంతానానికి రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. వ్యతిరేకించినవాళ్లకు కుక్కల మీద ప్రేమ లేదనడం అన్యాయం. పాయింటర్ వెంట తెలియని జబ్బులు వస్తాయేమోనన్నది వాళ్ల భయం. చుక్కల అందం చెడుతుందన్న దిగులూ ఉంది. మొదటి భయంలో న్యాయం ఉంది. ఏ సంకరమైనా ఆ జాగ్రత్తతోనే చేయాలి. అయితే దానికి జవాబు కూడా చేతిలోనే ఉంది. ఒక్క పాయింటర్ నుంచి వచ్చే ముప్పు తరతరానికీ సగమవుతూ పోతుంది, రిజిస్టరు లోపలున్న ముప్పు నూటికి నూరు పాళ్లూ అలాగే ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద తెలిసీ దాదాపు మూడు దశాబ్దాలు వాయిదా పడింది. ఆ కాలమంతా మగకుక్కలు లోపంతో పుడుతూ, రాళ్లతో ఆపరేషన్ బల్లలెక్కుతూనే ఉన్నాయి. షైబల్, ఆయనతో కలిసివచ్చిన కొద్దిమంది పెంపకందార్లు రిజిస్టరు బయటే ఆ వంశాన్ని కాపాడుకొచ్చారు. వాళ్లు అలసిపోయి వదిలేసి ఉంటే మొత్తం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చేది.

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో డానికా బనాష్ బృందం ఆ జన్యువును కనిపెట్టింది. దాని పేరు ఎస్‌ఎల్‌సీ2ఏ9. జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల ప్రోటీనులో సిస్టీన్ ఉండవలసిన చోట ఫినైలలనిన్ వచ్చి కూర్చుంది. మనుషుల్లో రక్తపు యూరిక్ ఆసిడ్ హెచ్చుతగ్గులకూ, గౌట్‌కూ సంబంధమున్న జన్యువు కూడా ఇదే. అదే మార్పు బుల్‌డాగ్‌లోనూ, బ్లాక్ రష్యన్ టెరియర్‌లోనూ కనిపించింది. తేడా ఏమిటంటే ఆ రెండు జాతుల్లో అది అన్ని కుక్కలకూ లేదు. కాబట్టి అక్కడ బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా పరీక్ష చాలు. పరీక్షించి, మంచి ప్రతి ఉన్నవాటిని ఎంచుకుని, జాతి లోపలే బాగుచేసుకోవచ్చు. జన్యులోపం అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా ఒకచోట పరీక్షతో సరిపోతుంది, ఇంకోచోట రిజిస్టరు తలుపు తీయక తప్పదు. ఆరోగ్య పరీక్షల పట్టిక తయారుచేసే ప్రతి క్లబ్బూ ముందుగా తేల్చుకోవలసింది ఇదే: లోపం జాతిలో ఎంతమేర ఉంది?

అదే ఏడాది బీబీసీ ప్రసారం చేసిన "పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్" డాక్యుమెంటరీ బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ మీద గట్టి ఒత్తిడి తెచ్చింది. 2010లో బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ అమెరికా నుంచి వచ్చిన, షైబల్ వంశానికి చెందిన ఒక తక్కువ యూరిక్ ఆసిడ్ డాల్మేషియన్‌ను రిజిస్టరు చేసుకుంది. మరుసటి ఏడు అది క్రఫ్ట్స్ ప్రదర్శనలో నిలబడింది. 2011లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా ఈ వంశానికి తలుపు తెరిచింది.

తలుపు తెరిచాక కూడా వివేకం కావాలి. మంచి ప్రతి ఒకటి, చెడు ప్రతి ఒకటి ఉన్న కుక్కను రెండూ చెడున్న కుక్కతో జత కట్టిస్తే ఈతలో సగటున సగం పిల్లలకు లోపం ఉండదు. ఒక్కో మంచి ప్రతి ఉన్న రెంటిని కలిపితే నాలుగింట మూడింటికి ఉండదు, ఒకదానికి రెండూ మంచివే వస్తాయి. రెండూ మంచివున్న కుక్కను ఎవరితో కలిపినా పిల్లలన్నీ క్షేమమే. ఈ లెక్క చూసి మిగతా డాల్మేషియన్లన్నిటినీ ఒక్క తరంలో పక్కన పెట్టేయాలన్న తొందర పెద్ద పొరపాటు. ఈ వంశమంతా ఆ ఒక్క పాయింటర్ ద్వారా వచ్చింది. కొద్ది మగకుక్కలనే అందరూ వాడితే జన్యు వైవిధ్యం కుంచించుకుపోతుంది. పేరుపొందిన ఒక్క మగకుక్క పదుల ఈతలకు తండ్రి అయితే దాని లోపల దాగిన మరో లోపం పదేళ్లలో జాతంతటా పాకుతుంది. యూరిక్ ఆసిడ్ కథ మొదలైందీ ఇలాంటి ఇరుకులోనే. అందుకే పాత వంశాల్లోని మంచి కుక్కలను తక్కువ యూరిక్ ఆసిడ్ వంశంతో కలుపుతూ, వేరువేరు తండ్రులను వాడుతూ, కొన్ని తరాల మీద నెమ్మదిగా మార్చుకోవాలి.

ఈ జాతిలోని మరో సమస్య, చెవుడు విషయంలో లెక్క ఇంత తేలిక కాదు. డాల్మేషియన్ తెలుపు తీవ్రమైన పైబాల్డ్ వర్ణం. రంగునిచ్చే మెలనోసైట్ కణాలు చర్మంలోకి చాలాచోట్ల చేరవు, కొన్నిటిలో లోపలి చెవికీ చేరవు. శబ్దాన్ని గ్రహించే కేశకణాలు బతకాలంటే చుట్టూ ఉన్న ద్రవంలో పొటాషియం నిండుగా ఉండాలి. దాన్ని నిలబెట్టే పొరకు ఆ మెలనోసైట్లు కావాలి. అవి లేకపోతే పుట్టిన మూడు నాలుగు వారాలకు ఆ పొర క్షీణించి చెవి మూగబోతుంది. అమెరికాలో పరీక్షించిన డాల్మేషియన్లలో సుమారు 30 శాతానికి చెవుడు తేలింది: 22 శాతానికి ఒక చెవిలో, 8 శాతానికి రెండింటిలో.

దీనికి నమ్మదగిన జన్యు పరీక్ష లేదు. ఉన్నది బేర్ (BAER) అనే వినికిడి పరీక్ష. పసిపిల్లలకు ఆసుపత్రుల్లో చేసే "బెరా" సూత్రమే ఇది. ఐదారు వారాల పిల్ల నెత్తి మీదా, చెవుల దగ్గరా చర్మం కింద సన్నని సూదులు గుచ్చుతారు. ఒక చెవిలో టిక్ టిక్ మని వరసగా శబ్దాలు వినిపిస్తారు, రెండో చెవిలో హోరుమనే చప్పుడు పెట్టి అది వినకుండా కప్పేస్తారు. శబ్దం మెదడు కాండం దాకా వెళ్లే దారిలో పుట్టే విద్యుత్తును కంప్యూటరు కొలుస్తుంది. వినే చెవికి మొదటి 10 మిల్లీసెకన్లలో వరసగా అలలు లేస్తాయి, చెవిటి చెవికి గీత చదునుగా సాగుతుంది. పళ్లెం మోగించి పిల్ల తిరిగి చూసిందా అని చేసే ఇంటి పరీక్ష దీనికి సాటి కాదు. నేల అదురుకూ, గాలికీ, తోటి పిల్లల కదలికకూ చెవిటి పిల్ల తిరుగుతుంది. ఒక చెవి బాగున్న పిల్ల ఇంట్లో ఎవరికీ దొరకదు. జాతి బాగుకు ఎక్కువ ప్రమాదం అదే. అది మామూలు కుక్కలాగే పెరిగి, ఈతలు ఈని, చెవుడు జన్యువులను కిందికి పంపుతుంది.

రెండు చెవులూ బాగున్న తల్లిదండ్రులకు కూడా చెవిటి పిల్ల పుట్టవచ్చు, ఎందుకంటే ఇందులో జన్యువులు అనేకం. అయినా ఎంపిక పనిచేస్తుంది. బ్రిటన్‌లో దాదాపు 9 వేల డాల్మేషియన్ పిల్లల బేర్ రికార్డులను కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో చెవుడు మొత్తం మీద 17.8 శాతం, అదీ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. బ్రిటిష్ పెంపకందార్లు నీలి కళ్లను దోషంగా ఎంచి ఏరివేయడం అందులో కొంత తోడ్పడింది. నీలి కన్ను కూడా మెలనోసైట్ల కొరతకు గుర్తే. దీనికి తిరగేసిన వైపు ఇంకోటుంది. డాల్మేషియన్ పిల్ల తెల్లగా పుడుతుంది, చుక్కలు దాదాపు పది రోజులు దాటాక తేలతాయి. కొన్నిటికి పుట్టుకతోనే చెవి మీదో, కంటి చుట్టో పెద్ద మచ్చ ఉంటుంది. ప్రదర్శన ప్రమాణాలకు ఈ మచ్చ పనికిరాదు, అమెరికాలో అది అనర్హత. కానీ మచ్చ ఉన్న పిల్లల్లో చెవుడు తక్కువ. అందానికి రాసుకున్న నియమం ఆరోగ్యానికి ఎదురు నడిచిన సందర్భమిది. ప్రమాణాలు మనుషులు రాసుకున్నవే. వాటిని తిరగరాయడానికి అడ్డేమీ లేదు.

మూడో రకం లోపం అరుదైనది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు డాల్మేషియన్ పడుచు కుక్కలను ఊపిరాడక చంపే ఒక జబ్బుకు కారణమైన ఏఎన్‌ఎల్‌ఎన్ జన్యు మార్పును 2017లో ప్రకటించారు. ఇదీ అంతర్గత లక్షణమే. ఇక్కడ ఒక్క చెడు ప్రతి మాత్రమే ఉన్న వాహక కుక్కను ఏరిపారేయనక్కరలేదు. దాన్ని లోపం లేనిదానితో జత కట్టిస్తే ఏ పిల్లకూ జబ్బు రాదు, తల్లిదండ్రుల మిగతా మంచి గుణాలూ నిలుస్తాయి. రెండు వాహకాలను కలపకపోతే చాలు.

తెలుగు రాష్ట్రాల నగరాల్లో డాల్మేషియన్ తెలియని జాతి కాదు. డిస్నీ 1961లో తీసిన బొమ్మల సినిమా, 1996 నాటి సినిమా దానికి ఇంటింటా అభిమానులను తెచ్చాయి. ఇక్కడ దొరికే డాల్మేషియన్‌కు జన్యు పరీక్ష కాగితం లేకపోతే, దానికి యూరిక్ ఆసిడ్ లోపం ఉందనే అనుకుని పెంచడం క్షేమం. దాని తిండి విషయంలో మన అలవాట్లలో ఒకటి మానుకోవాలి. చవకగా దొరుకుతుందని కోడి కాలేయం ఉడికించి అన్నంలో కలిపి పెట్టడం చాలా ఇళ్లలో ఉంది. కాలేయం, మూత్రపిండాలు, నూనె కవళ్లు ప్యూరిన్లతో నిండిన ఆహారం. ఈ జాతికి అవి పెట్టకూడదు. గుడ్డు, పెరుగు, పనీర్ వంటివి మేలు. ఎండాకాలంలో మూత్రం చిక్కబడుతుంది కాబట్టి అన్నంలో నీళ్లు ఎక్కువ కలిపి పెట్టాలి, నీళ్ల గిన్నె ఒకటికి రెండుచోట్ల ఉంచాలి, రాత్రి పడుకునే ముందు ఒకసారి బయట తిప్పాలి. మూత్రాన్ని గంటల తరబడి ఆపుకున్న కొద్దీ స్ఫటికాలు పేరుకుంటాయి.

కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ తల్లిదండ్రులెవరో చెబుతుంది, వాటి ఆరోగ్యం సంగతి చెప్పదు. అందువల్ల కొనేవాళ్లు వంశావళితో పాటు తల్లిదండ్రుల యూరిక్ ఆసిడ్ జన్యు పరీక్ష ఫలితాన్నీ, పిల్ల బేర్ నివేదికనూ అడగాలి. జన్యు పరీక్షకు దూదిపుల్ల నమూనాను పోస్టులో పంపినా చాలు. బేర్ పరీక్షను ఐదారు వారాలకే చేయవచ్చు, అమ్మకం 8 వారాలకు గానీ కుదరదు. మధ్యనున్న రెండు మూడు వారాలు పెంపకందారు చేతిలో ఉన్న సమయం. ఆ లోపు ఈతలోని ప్రతి పిల్లకూ పరీక్ష చేయించి, చెవిటివాటిని చేతి సైగలతో నేర్పగలిగే ఇళ్లకు ముందే చెప్పి ఇచ్చి, వాటిని ఈతకు వాడబోమని రాయించుకోవచ్చు. బేర్ నివేదికలో ఎడమ చెవికీ కుడి చెవికీ వేరువేరుగా గీతలుంటాయి. ఒక్క గీతే ఉన్న కాగితం సగం పరీక్ష కిందే లెక్క.